అంగవైకల్యము గలవారు – ఆరోగ్య పరీక్షలు



నేను ముప్పది సంవత్సరములకు పైగా పల్లెటూళ్ళ పాఠశాలలలో తెలుగు పండితుడుగాను, పిదప ప్రధానోపాధ్యాయుడుగాను పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. వైద్యుడను కాను. వ్యాకరణమును గూర్చియో, ప్రబంధములను గూర్చియో మాటాడవలసిన నేను రోగపరీక్షలను గూర్చి మాటాడబూనుట మీకు వింతగా తోచవచ్చును. దానికి కారణము నా యింటనే జరిగినది. ఆ సంగతిని మొదట మనవి చేసి, పిమ్మట విషయములోనికి వత్తును.

నాకొక చెల్లెలు గలదు. 1964వ సంవత్సరమున, ఆమె రెండేండ్ల బిడ్డగా నున్నప్పుడు, పోలియో జ్వరము వచ్చి రెండు కాళ్ళును చచ్చుపడినవి. పోలియో చుక్కలు మా పల్లెకు అప్పటికింకను రాలేదు. ఆమె చేతుల ఆధారముతో నేలపై జరుగుచు, చేతితో త్రిప్పు కుట్టుమిషను ముందు కూర్చుండి, ఊరి ఆడువారికి రవికలు కుట్టి, తన బ్రతుకు తాను బ్రతికినది. ఒకరిముందు చేయి చాచి యెరుగదు. మా తల్లిదండ్రులు పోయిన పిమ్మట నా యింటనే యున్నది.

2019వ సంవత్సరమున మా గ్రామమునకు ఒక వైద్య శిబిరము వచ్చెను. ముప్పది యేండ్లు దాటిన వారందరికి రక్తపోటు, మధుమేహము మున్నగునవి పరీక్షించెదరని చెప్పిరి. శిబిరము మా పాఠశాలలో. పేర్లు వ్రాసి సిద్ధము చేయు పని నాకు అప్పగించిరి. నేను రెండు దినములు ఇంటింటికి తిరిగి పట్టిక వ్రాసితిని. మా యింటిపేరున నా పేరు, నా భార్య పేరు, కుమారుని పేరు, కోడలి పేరు వ్రాసితిని. చెల్లెలి పేరు వ్రాయలేదు.

దురుద్దేశముతో కాదు. పాఠశాల వసారాకు ఐదు మెట్లున్నవి. నలుగురిలో ఎత్తుకొనిపోవుట ఆమెకు గిట్టదు. ఆమె ఎట్లును ఇల్లు కదలదు గదా యని నాలో నేననుకొని, కలమును తరువాతి యింటికి జరిపితిని. ఆమె అప్పుడు ఆ గదిలోనే యుండి రవికకు కాజాలు కుట్టుచుండెను. నన్ను చూచుచునే యుండెను. ఏమియు అనలేదు.

రెండేండ్లు గడచినవి. ఒకనాడామె, “అన్నయ్యా, కాలివ్రేళ్ళలో స్పర్శ తెలియుట లేదు” అన్నది. “ఆ కాళ్ళు చిన్ననాటినుండి అంతేగదా, తల్లీ” యని నేను వార్తాపత్రిక త్రిప్పితిని. మరికొన్ని నెలలకు ఆమె కాలి బొటనవ్రేలికి పుండు పడెను. ఎప్పుడు పడినదో ఆమెకే తెలియలేదు. పసుపు అద్దితిమి, ఆకుపసరు పోసితిమి. వ్రేలు నల్లబడిన పిమ్మట జిల్లా కేంద్రములోని ఆసుపత్రికి తీసికొనిపోతిమి. అచ్చటి వైద్యురాలు చిన్న వయస్సామె. కాలిని చేతిలోనికి తీసికొని చూచి, నాతో నిట్లనెను: “మాస్టారూ, పోలియో కండల బలమును తీసికొనును గాని స్పర్శను తీసికొనదు. ఈ తిమ్మిరి పోలియో వలన వచ్చినది కాదు. ఈమెకు షుగరు పరీక్ష ఎన్నడైనను చేయించితిరా?”

ఎన్నడును చేయించలేదు. ఆ దినముననే పరీక్షింపగా మధుమేహము మిక్కిలి ముదిరియున్నదని తేలెను. రెండు వ్రేళ్ళు తీసివేసిరి. కంటిలోపలి పొరకు కూడ చెరుపు జరిగియుండెను. లేజరు వైద్యమువలన చూపు కొంత నిలిచినది గాని, సూదిలో దారమెక్కించుటకు ఆ చూపు చాలదు. కుట్టుమిషను మూలకు చేరినది.

నేను ఆమె మంచముచెంత కూర్చుండి, “తప్పు నాదమ్మా, ఆ మెట్లు చూచి...” అని చెప్పబోయితిని. ఆమె నా మాట కడ్డువచ్చి, “పేరు వ్రాయుటకు మెట్లెక్కవలెనా, అన్నయ్యా?” అని మాత్రమే అన్నది. ఆ ప్రశ్నకు నేటికిని నా యొద్ద సమాధానము లేదు. ఈ ప్రసంగము ఆ ప్రశ్ననుండి పుట్టినదే.

ఇక విషయమునకు వత్తును.

రోగము బయటపడిన పిమ్మట వైద్యుని యొద్దకు పోవుట లోకమందంతట నున్నదే. రోగము పైకి కానరాక మునుపే, ఆరోగ్యముగా నున్నానని తలచువానిని గూడ పరీక్షించి, లోపల దాగిన దానిని పసిగట్టుట వేరొక పద్ధతి. పైరునకు తెగులు సోకినదో లేదో తెలిసికొనుటకు రైతు ఆకు త్రిప్పి చూచును గదా! ఆకు ఎండువరకు ఆగడు. ఇదియు అట్టిదే.

మన దేశమున కొన్నేండ్లుగా ఈ పరీక్షలను గ్రామ గ్రామమునకు తెచ్చు ఏర్పాటు సాగుచున్నది. ముప్పది యేండ్లు నిండినవారికి ఐదు విషయములందు పరీక్ష: రక్తపోటు, మధుమేహము, నోటి క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు, గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు. క్యాన్సరునే మన పెద్దలు రాచపుండు అనెడివారు. ఆశా కార్యకర్త ఇంటింటికి వచ్చి వయస్సు, పొగాకు అలవాటు, నడుము కొలత మున్నగునవి ఒక పత్రముపై వ్రాసికొనును. రక్తపోటును, చక్కెరను ఏటేట చూడవలెను. క్యాన్సరులకు ఐదేండ్లకొకమారు చూడవలెను.

ఈ పరీక్షలు పెద్ద యంత్రములు కోరునవి కావు. రక్తపోటుకు చేతికి పట్టీ కట్టిన చాలును. 140/90 మించినచో వైద్యునికి చూపవలెను. చక్కెరకు వ్రేలినుండి ఒక చుక్క నెత్తురు చాలును. 140 మించినచో మరల సరిగా పరీక్ష చేయింపవలెను. నోటి పరీక్షకు ఒక టార్చిలైటు, చూడనేర్చిన కన్ను చాలును. శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలలో చుట్టను నిప్పువైపు నోటిలో నుంచుకొని కాల్చెడి అడ్డపొగ అలవాటు గల స్త్రీలకు అంగిలిలో క్యాన్సరు వచ్చుట వైద్యులెరిగిన సంగతి. వారి అంగిలిని మంచముమీదనే చూడవచ్చును. గర్భాశయ ముఖద్వారపు పరీక్షకు వెనిగరులో నుండు ఆమ్లమును పలుచగా కలిపి అద్ది, తెల్లమచ్చ లేర్పడునేమో చూచెదరు. దానికి మాత్రము తగిన బల్ల, చాటు, శిక్షణ పొందిన స్త్రీ కావలెను.

ఇంత సులభమైన పరీక్షలు అంగవైకల్యము గలవారి గడపవరకు వచ్చి ఏల ఆగిపోవుచున్నవి? వీరి సంఖ్య స్వల్పమనుకొనరాదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో మన దేశమున వీరు 2.68 కోట్ల మంది. వారిలో నూటికి సుమారు 69 మంది పల్లెలవారే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారము లోకమందు 130 కోట్ల మంది, అనగా ప్రతి ఆరుగురిలో ఒకరు, చెప్పుకోదగిన వైకల్యము గలవారు. వీరిలో కొందరు ఇతరులకంటె ఇరువది యేండ్ల ముందుగనే మరణించుచున్నారనియు, మధుమేహము, పక్షవాతము వంటివి వీరికి రెండింతలుగా వచ్చు అపాయము గలదనియు ఆ నివేదిక తెలుపుచున్నది. కాలు కదల్పలేనివానికి నడక లేదు. నడక లేనివానికి చక్కెర, రక్తపోటు త్వరగా చేరును. ఆలోచించి చూడగా, ఈ పరీక్షలు అందరికంటె ముందు చేయవలసినది వీరికే. మనమో అందరికంటె వెనుక నుంచితిమి. అనేక పర్యాయములు అసలే మరచితిమి.

నేను చూచినంతలో అడ్డంకులు నాలుగు విధములు.

మొదటిది దారి. మెట్లు, ఇరుకు వాకిళ్ళు, ఎత్తైన పరీక్షబల్ల, నిలువబడిన గాని తూగని త్రాసు. ఆసుపత్రికి పోవుటకు ఆటో కిరాయి, తోడు వచ్చువాని దినకూలి కూడ దారిలోని భాగములే. చక్రముల కుర్చీలో వచ్చిన స్త్రీ ఆ బల్ల నెక్కలేక, పరీక్ష జరుగకయే తిరిగి వచ్చును. పత్రములో మాత్రము “వచ్చినది” అని వ్రాయబడును.

రెండవది మాట. వినికిడి లేనివాడు వరుసలో కూర్చుండును. పేరు పిలిచెదరు. అతడు వినడు. తరువాతివాని పిలిచెదరు. సాయంకాలమునకు అతడు లేచి ఇంటికి పోవును. చూపు లేనివాని చేతిలో అచ్చువేసిన చీటి పెట్టెదరు. అందేమున్నదో అతనికి ఎవరు చదివి చెప్పవలెను? అతని రోగము సంగతి అతనికంటె ముందు ఇరుగుపొరుగునకు తెలియుట న్యాయమా?

మూడవది భయము. బుద్ధి మాంద్యము గల నా పూర్వ విద్యార్థి యొకడు, ఇప్పుడు నలువది యేండ్లవాడు, చేతికి పట్టీ బిగియగానే కేకలు వేసి పరుగెత్తెను. “వీనికి చేయలేము” అని వదలివేసిరి. మరుసటి వారము మా ఊరి ఆశా కార్యకర్త వారి యింటికే పోయి, మొదట అతని తల్లి చేతికి పట్టీ కట్టి చూపెను. గాలి కొట్టు బుడ్డిని అతని చేతికిచ్చి నొక్కనిచ్చెను. రెండవ మారు అతడే చేయి చాచెను. పట్టిన కాలము అరగంట.

నాలుగవది అన్నిటికంటె గట్టిది: మన తలపు. ఏ బాధ చెప్పినను “అది నీ వైకల్యము వలననే” అని త్రోసివేయుట. నేను చేసిన తప్పిదమిదియే. మతిలేనివాడు కేకవేసినచో పిచ్చి యందురు, పంటినొప్పి కావచ్చును. పక్షవాతము గలవాడు దిగులుగా నున్నచో సహజమందురు. అదియు వైద్యమున్న రోగమే కావచ్చును. “పెండ్లి కాని మనిషి, ఆమెకు ఆ పరీక్షలేల” యని మరికొందరందురు. పెద్దలారా, పెండ్లి కాకపోవుట రొమ్ము పరీక్ష వలదనుటకు కారణము కాదు. బిడ్డలను కననివారికి రొమ్ము క్యాన్సరు అపాయము కొంత హెచ్చని కూడ వైద్యశాస్త్రము చెప్పుచున్నది.

దీనిని గూర్చి చట్టము మౌనముగా లేదు. వికలాంగుల హక్కుల చట్టము 2016లో ఏర్పడి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. 1995 నాటి పూర్వ చట్టము ఏడు విధముల వైకల్యములనే గుర్తింపగా, ఇది 21 విధములను గుర్తించినది. దీని 25వ విభాగము మూడు మాటలు చెప్పుచున్నది. ఒకటి, ముఖ్యముగా పల్లెలలో, ఆదాయ నియమములకు లోబడి, సమీపముననే ఉచిత వైద్యము. రెండు, ప్రభుత్వపు ఆసుపత్రులందును, ప్రైవేటు ఆసుపత్రులందును, అన్ని భాగములకు ఆటంకము లేని ప్రవేశము. మూడు, చూచుటయందును, చికిత్సయందును వీరికి ముందు వరుస. స్త్రీల ప్రజనన ఆరోగ్య సేవలను గూడ ఆ విభాగము పేర్కొన్నది. కావున మెట్లులేని దారి మనము జాలితో పెట్టు భిక్ష కాదు. వారికి రావలసిన బాకీ.

మహాభారతమున అష్టావక్రుని కథ మీరెరుగనిది కాదు. ఎనిమిది వంకరలతో పుట్టిన ఆ బాలుడు జనకుని యజ్ఞశాలకు పోగా, వాకిటనే ద్వారపాలకుడు అడ్డగించెను. అతడు వాదించి గెలిచి లోపలికి పోయి, వందిని ఓడించి, తండ్రిని విడిపించుకొనెను. మనము అతని పాండిత్యమును మెచ్చుకొని కథ ముగింతుము. కాని వాకిటిమాట తలపోయుడు. వాదింపగలిగినవాడు కనుక లోపలికి పోయెను. వాదింపలేనివాని గతియేమి? మన ఊళ్ళలో వాకిట కూర్చున్న ద్వారపాలకులము మనమే. నా చేతిలో దండము లేదు, కలమున్నది, అంతియే భేదము.

అయినచో ఏమి చేయవలెను? చెల్లెలి ప్రశ్న విన్న పిమ్మట మా గ్రామమున మేము చేసినదానిని చెప్పుదును. మీ ఊరికి తగినట్లు మీరు మార్చుకొనవచ్చును.

మొదట రెండు పట్టికలను ప్రక్కప్రక్కన నుంచితిమి. ఒకటి వైకల్యపు పింఛను పట్టిక. రెండవది పరీక్షలు జరిగినవారి పట్టిక. మొదటిదానిలో నుండి రెండవదానిలో లేనివారి పేర్లకు ఎఱ్ఱ సిరాతో గీత గీసితిమి. పట్టికలో సగముకంటె ఎక్కువ ఎఱ్ఱబడినది. నావలెనే ప్రతి యింటివారును తమ మనిషిని మరచియుండిరి. పింఛను రాని వికలాంగులును ఉందురు. వారిని ఆశా కార్యకర్త, అంగనవాడి కార్యకర్త ఎరుగుదురు. ఈ పనికి ఖర్చు లేదు. ఒక సాయంకాలము చాలును.

రెండవది, శిబిరమును ఎక్కడ పెట్టవలెనను నిర్ణయము. మెట్లు లేని చోటు చూడుడు. రామాలయపు పందిరియైనను, ధాన్యపు కల్లమైనను మేలే. శాశ్వతముగా ర్యాంపు కట్టదలచినచో దానికొక లెక్క గలదు: ఎత్తు ఒక అడుగైనచో వాలు పండ్రెండడుగులుండవలెను. రెండడుగుల అరుగునకు ఇరువది నాలుగడుగులు. వెడల్పు నాలుగడుగులు, ప్రక్కన పట్టుకొనుటకు కమ్మి. మా పాఠశాలలో మొదట మేస్త్రీ ఆరడుగులలోనే ముగించెను. చక్రముల కుర్చీ దానిమీద ఎక్కదు, దిగినచో ఆగదు. పగులగొట్టి మరల కట్టించితిమి. నిట్రముగా కట్టిన ర్యాంపు మెట్లకంటె అపాయకరము.

మూడవది, కదలలేనివారి యింటికే పరీక్ష పోవుట. ఆంధ్రదేశమున 2020 నుండి పింఛను సొమ్ము ఇంటివాకిటికే వచ్చుట చూచితిమి. సొమ్ము రాగలిగిన వాకిటికి రక్తపోటు పట్టీ రాలేదా? ఐదు పరీక్షలలో నాలుగు మంచముచెంతనే జరుగును. ఐదవదానికి మాత్రము ఆసుపత్రికి ముందుగా కబురుపెట్టి, స్త్రీ వైద్యురాలు, తగ్గించదగిన బల్ల ఉన్న దినమును అడిగి తెలిసికొని, బండి కుదుర్చుకొని పోవలెను.

నాలుగవది, మర్యాద. పరీక్ష చేయువారు తోడు వచ్చినవానితో గాక, ఆ మనిషితోనే మాటాడవలెను. చూపు లేనివానికి తాకుటకు ముందు ఏమి చేయబోవుచున్నారో చెప్పవలెను. వినికిడి లేనివానికి ఎదురుగా నిలిచి, సైగతోనో వ్రాతతోనో చెప్పవలెను. పేరు పిలుచుటకు మారుగా దగ్గరకు పోయి భుజము తట్టవలెను. ఎత్తవలసివచ్చినచో అడిగి ఎత్తవలెను. వలదన్నచో మానవలెను. ఇవి నేర్పుటకు పెద్ద చదువు అక్కరలేదు.

ఐదవది, పరీక్షతో పని ముగియదని యెరుగుట. రోగము తేలినవారికి మాత్రలు నెలనెల అందవలెను. మధుమేహము గలవారికి ఏటేట కంటి పరీక్ష, పాదముల పరీక్ష జరుగవలెను. కాళ్ళు పనిచేయనివారి పాదములను ఎవరును చూడరు. చెప్పులరుగని పాదములు గదా! ప్రతి దినమును ఇంటివారు ఆ పాదములను, ఎడతెగక కూర్చుండువారి పిరుదులను, నడుమును చూచి, ఎఱ్ఱదనము గాని పుండు గాని గలదేమో కనిపెట్టవలెను.

ఇంత శ్రమ కొలదిమంది కొరకేనా యని కొందరు పెద్దలు నన్నడిగిరి. ర్యాంపు కట్టిన నెలలోనే దానిపై నడచినవారిని నేను అరుగుమీద కూర్చుండి చూచితిని. నిండు గర్భిణులు నడచిరి. మోకాళ్ళనొప్పుల ముసలివారు నడచిరి. మెట్ల విషయమై మొదట నవ్విన పెద్దమనిషియే కర్ర యూతతో దానిమీదుగా వచ్చి ఓటు వేసిపోయెను. మన వయస్సువారమందరమును వైకల్యమునకు ఒకటి రెండడుగుల దూరమున నున్నవారమే. మన మోకాళ్ళు ఈ ప్రసంగమును నాకంటె బాగుగ గ్రహింపగలవు.

మన దేశము పోలియోను జయించినది. కడపటి రోగి 2011 జనవరిలో కనబడెను. 2014 మార్చి 27న మన ప్రాంతము పోలియో లేనిదని ప్రకటింపబడినది. చుక్కల సీసాను మంచుపెట్టెలో పెట్టుకొని, పడవలెక్కి, గుట్టలెక్కి, ఒక్క బిడ్డ కూడ తప్పిపోకుండ వెదకిన దేశమిది. ఒక యింట చుక్కలు వేయనిచో తలుపుపై గుర్తు వ్రాసి మరల వచ్చిరి. ఆ పట్టుదల మనకు చేతకానిది కాదు. చుక్కలు రాకమునుపు ఆ రోగమువాత పడినవారు మన మధ్య ఇంకను బ్రతికియున్నారు. వారు ఇప్పుడు ముసలివారగుచున్నారు. వారి తలుపుపై కూడ ఒక గుర్తు వ్రాసి మరల పోవలసియున్నది.

నా ప్రార్థన ఇది. ఈ వారములోనే మీరు ఆ రెండు పట్టికలను తెప్పించి ప్రక్కప్రక్కన పరచుడు. మొదట మీ యింటిపేరు చూడుడు. మీ యింట నున్నవారందరి పేర్లు అందున్నవో లేవో చూడుడు. పిమ్మట ఊరిమాట.

మా చెల్లెలు ఇప్పుడు దినదినమును సూదిమందు వేసికొనుచున్నది. చక్కెర అదుపులో నున్నది. కుట్టుమిషనును మా వీధి ఆడపిల్లకు ఇచ్చి, ప్రక్కన కూర్చుండి, వ్రేళ్ళతో తడవి కుట్టు వంకర చెప్పుచు నేర్పుచున్నది. రెండవమారు శిబిరమునకు పట్టిక వ్రాయునప్పుడు నేను కలము తీసికొని ఆమె ముందర కూర్చుండి, ఆమె పేరు మొదటి వరుసలో వ్రాసితిని. “అక్షరములు పెద్దవిగా వ్రాయుము, అన్నయ్యా, నాకు కనబడునట్లు” అన్నది. పెద్దవిగానే వ్రాసితిని.